క్లారా బార్టన్: గాలివాన వెలిసిన తరువాత

గాలివాన సంగతి మన బరంపురం వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరనే తీరం దాటింది. 1999 అక్టోబరులో పక్షం రోజులైనా తిరక్కుండా రెండు తుఫానులు ఒడిశాను కొట్టాయి. మొదటిది మన గంజాం మీదనే పడింది. మన ముత్తాతల ఊళ్ళవైపు చూస్తే 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. అంతకు నూటపదమూడేళ్ళ ముందు, 1864 నవంబరు 1న, బందరు ఉప్పెనలో సుమారు ముప్పయి వేలమంది పోయారు. పొట్ట చేతబట్టుకుని తరాల క్రిందట కదిలివచ్చిన మనవాళ్ళు ఒడ్డు మారారే గాని సముద్రం మారలేదు.

అందుచేతనే మన సమాజాలకు సహాయనిధులూ, బట్టల మూటలూ, బియ్యం బస్తాలూ కొత్త కాదు. పంపినవాళ్ళమూ మనమే, పుచ్చుకున్నవాళ్ళమూ మనమే. ఫైలిన్ వెలిసిన తరువాత వచ్చిన మూటలు విప్పినప్పుడు కొన్నింటిలో కొత్త దుప్పట్లు కనిపించాయి, కొన్నింటిలో ఇంటివాళ్ళు నేల తుడవడానికైనా పనికిరావనుకున్న పాతలు కనిపించాయి. ఆ పాతల్ని చేత పట్టుకుని ఒక ముసలమ్మ ఏమీ అనకుండా నిలబడిపోయింది. సహాయం చెయ్యడమంటే ఏమిటో, ఎట్లా చెయ్యాలో ఆ రోజున నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానంతో ఈ పెద్దమ్మ జీవితం చదివాను. చదివినంతలో ఈ సంచికలో మీతో పంచుకోవాలనిపించింది.

క్లారా బార్టన్ 1821 డిసెంబరు 25న అమెరికాలోని మసచూసెట్స్ రాష్ట్రంలో నార్త్ ఆక్స్‌ఫర్డ్ అనే పల్లెలో పుట్టింది. అయిదుగురు సంతానంలో ఆఖరిది. తండ్రి పూర్వం సేనలో పనిచేసినవాడు. కూతుర్ని ఒళ్ళో కూర్చోపెట్టుకుని సేనలు నడిచిన తీరూ, దండు దిగిన తీరూ కథలుగా చెప్పేవాడు. పిల్ల మాత్రం వట్టి పిరికిది. కొత్తవాళ్ళ ఎదుట నోరు పెగిలేది కాదు. ఇట్లాంటి పిల్ల ఎట్లా బ్రతుకుతుందా అని తల్లిదండ్రులు బెంగపెట్టుకున్నారు.

ఆమెకు పదకొండవ ఏట అన్న డేవిడ్ కొట్టం కప్పు వేస్తుండగా పైనుంచి పడి మంచం పట్టాడు. సుమారు రెండేళ్ళపాటు ఆ మంచం ప్రక్కనుంచి ఆమె కదలలేదు. మందులు పట్టడమూ, ఆ కాలపు వైద్యం ప్రకారం జలగలు పట్టించడమూ అన్నీ తనే. అన్న లేచి నడిచాడు. ఆమె మళ్ళీ బిడియస్తురాలయిపోయింది. ఎదుట కష్టంలో ఉన్న మనిషి ఉంటే ఆ పిల్లకు భయం ఉండేది కాదు. కష్టం తీరగానే భయం తిరిగివచ్చేది. ఈ గుణం ఆమెను తొంభై ఏళ్ళూ వదలలేదు.

పదిహేడేళ్ళకే బడిపంతులమ్మ అయింది. 1852లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బోర్డెన్‌టౌన్‌లో డబ్బు లేనివాళ్ళ పిల్లలు వీధుల్లో తిరుగుతుంటే చూసి, ఊరి పెద్దల్ని ఒప్పించి ఉచిత పాఠశాల పెట్టింది. ఆరుగురితో మొదలయిన బడి కొద్దికాలంలోనే వందల పిల్లలతో నిండింది. ఊరివారు పెద్ద భవనం కట్టించారు. కట్టించి, దానికి ప్రధానోపాధ్యాయుడుగా ఒక మగవాణ్ణి, ఆమెకన్న ఎక్కువ జీతం మీద తెచ్చి కూర్చోపెట్టారు. ఆమె ఆ ఊరు విడిచి వెళ్ళిపోయింది. తరువాత వాషింగ్టన్‌లో పేటెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరి, మగ గుమాస్తాలతో సమానంగా జీతం పుచ్చుకుంది. ఆ కాలంలో అమెరికా ప్రభుత్వ కొలువులో అట్లాంటి ఆడవాళ్ళు వ్రేళ్ళ మీద లెక్కించదగినంతమందే. మగ గుమాస్తాలు కొందరు ఆమెను చూసి ఎగతాళి చేసేవారు. అధికారులు మారినప్పుడు ఉద్యోగం ఊడింది. మళ్ళీ 1860లో వచ్చింది.

1861లో అంతర్యుద్ధం మొదలయింది. తన రాష్ట్రం నుంచి వచ్చిన పటాలం మీద బాల్టిమోరులో అల్లరిమూక పడి కొట్టగా, గాయాలతో, సామాను పోగొట్టుకుని సైనికులు వాషింగ్టన్ చేరారు. వారికి శాసనసభా భవనంలోనే విడిది ఇచ్చారు. ఆ కుర్రవాళ్ళలో కొందరు ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. ఇంట్లో ఉన్న తుండుగుడ్డలూ, సూదీ దారమూ, తినుబండారాలూ బుట్టల్లో పెట్టుకుని వెళ్ళింది. ఊరూరా ఉత్తరాలు వ్రాసి సరుకు తెప్పించి మూడు గిడ్డంగులు నింపింది. ఏడాదికి పైగా అధికారుల వెంట తిరిగి, 1862 ఆగస్టులో యుద్ధభూమికి వెళ్ళే అనుమతి సంపాదించింది.

ఆంటీటమ్ యుద్ధం 1862 సెప్టెంబరు 17న జరిగింది. సైన్యం వారి వైద్య సామాగ్రి బళ్ళు ఇంకా దారిలోనే ఉన్నాయి. కట్లు కట్టడానికి గుడ్డ లేక వైద్యులు మొక్కజొన్న పొత్తుల మీది పొరలు వాడుతున్నారు. ఆ సమయానికి ఆమె బండి వచ్చింది. గాయపడిన ఒకడి తల ఎత్తిపట్టుకుని నీళ్ళు త్రాగిస్తుండగా గుండు ఆమె చేతి రవికలోంచి దూసుకుపోయి ఆ మనిషికి తగిలింది. ఆమె చేతుల్లోనే ప్రాణం పోయింది. చీకటిపడగానే లాంతర్లు తీసింది. పూర్వం ఒకచోట వెలుతురు లేక రాత్రి గాయాలు చూడలేకపోయిన సంగతి ఆమె మరచిపోలేదు. నన్నడిగితే ఆమె గొప్పతనం గుండు తగలకపోవడంలో లేదు, లాంతర్లు తీసుకువెళ్ళడంలో ఉంది.

యుద్ధం ముగిశాక ఇంకొక పని మొదలుపెట్టింది. కొడుకు ఏమయ్యాడో తెలియని తల్లులు వేలకువేలు. వాళ్ళ ఉత్తరాలకు జవాబు చెప్పే ఆఫీసు ఒకటి వాషింగ్టన్‌లో తన అద్దె గదిలోనే పెట్టింది. అరవైమూడు వేలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఇరవైరెండు వేల మంది గతి ఏమయిందో తేల్చి చెప్పగలిగారు. ఆండర్సన్‌విల్ చెరసాలలో చచ్చిపోయినవారి జాబితాను డారెన్స్ అట్వాటర్ అనే కుర్ర ఖైదీ రహస్యంగా నకలు వ్రాసి దాచాడు. ఆ జాబితా ఆధారంగా 1865 వేసవిలో వెళ్ళి సుమారు పదమూడు వేల సమాధుల మీద గుర్తులు పెట్టించారు.

తరువాత ఉపన్యాసాలు చెప్పి చెప్పి గొంతు పోయింది, ఆరోగ్యం పోయింది. విశ్రాంతి కోసం 1869లో ఐరోపా వెళ్ళింది. జెనీవాలో అక్కడివారు రెడ్‌క్రాస్ సంఘం సంగతి చెప్పి, ఇన్ని దేశాలు చేరినా మీ అమెరికా ఎందుకు చేరలేదని అడిగారు. అట్లాంటి సంఘం ఉన్నట్టే ఆమెకు అంతవరకు తెలియదు. మరుసటి ఏడే ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. ముట్టడిలో కూలిపోయిన స్ట్రాస్‌బర్గ్ పట్టణంలో ఇళ్ళు లేని ఆడవాళ్ళకు ఆమె బట్టలు పంచలేదు. గుడ్డ తెప్పించి, కుట్టుపని శాలలు తెరిచి, వాళ్ళచేత కుట్టించి కూలి ఇచ్చింది. కుట్టిన బట్టలు అవసరం ఉన్నవాళ్ళకు వెళ్ళాయి. ఒక రూకతో ఇద్దరి ఆకలి తీరింది, ఎవరి చెయ్యీ చాచవలసి రాలేదు. ఈ కిటుకు ఆమె అక్కడ నేర్చుకుంది.

స్వదేశానికి తిరిగివచ్చి రెడ్‌క్రాస్ ఒప్పందంలో అమెరికాను చేర్పించడానికి చాలా ఏళ్ళు అధ్యక్షుల గుమ్మాలు ఎక్కి దిగింది. ఇక మా దేశంలో యుద్ధాలు రావని పెద్దల ధీమా. దానికి ఆమె చూపిన దారి వేరు. యుద్ధాలు లేకపోతే పోనీ, వరదలూ, అగ్నిప్రమాదాలూ, గాలివానలూ ఉన్నాయి గదా, వాటికీ ఈ సంఘం పనిచెయ్యవచ్చునన్నది ఆమె వాదం. 1881 మే 21న అమెరికన్ రెడ్‌క్రాస్ ఏర్పడింది. ఆ సెప్టెంబరులోనే మిచిగన్ అడవులు తగలబడితే మొదటి సహాయం పంపింది. 1882లో సెనేటు ఒప్పందాన్ని ఆమోదించింది. శాంతికాలపు విపత్తుల్లో కూడా పనిచెయ్యాలన్న ఆమె మాటను 1884లో జెనీవా సభవారు అంగీకరించారు. దానికి అమెరికన్ సవరణ అని పేరు వచ్చింది. మన దేశంలో 1920 చట్టం క్రింద ఏర్పడిన రెడ్‌క్రాస్ సంఘంవారు తుఫాను ప్రాంతాలకు వస్తున్నారంటే దాని వెనుక ఈమె పోరాటం కొంత ఉంది.

1889లో జాన్స్‌టౌన్ పైన ఆనకట్ట తెగి రెండువేల రెండువందల మందికి పైగా పోయినప్పుడు అరవైయేడేళ్ళ వయస్సులో వెళ్ళి అయిదు నెలలు ఉండిపోయింది. కాని ఆమె పనిలో నాకు అన్నిటికన్న ఎక్కువగా కనిపించేది 1893 నాటి ద్వీపాల కథ. కాస్త నిదానంగా చెబుతాను.

దక్షిణ కెరొలైనా, జార్జియా రాష్ట్రాల తీరం వెంబడి చిన్న చిన్న దీవులు ఉన్నాయి. సన్నని పొడుగు పోగు ప్రత్తికి ప్రసిద్ధి. అక్కడ ఉండేవారు చాలామంది నీగ్రో బానిసల సంతతివారు. యుద్ధం తరువాత స్వేచ్ఛ వచ్చి, ఎందరో చెరి కాస్త భూమి కొనుక్కుని గుడిసెలు వేసుకున్నారు. 1893 ఆగస్టు 27 రాత్రి సవానా పట్టణం దగ్గర తుఫాను తీరం తాకింది. ఉప్పెన దీవుల మీదుగా పొర్లిపోయింది. పోయినవారు వెయ్యి అని కొందరు, రెండు వేలని కొందరు, అంతకు మించి అని కొందరు. మిగిలినవారు సుమారు ముప్పయివేల మంది. ఇళ్ళు లేవు, చేతికి రాబోయే పంట లేదు, పడవలు లేవు, బావులు ఉప్పుపడ్డాయి. మన దివిసీమవారికి ఇందులో కొత్త ఏమీ కనిపించదు.

ఆ ఏడే అమెరికాలో బ్యాంకులు కూలి దేశమంతా డబ్బుకు కటకట. కాంగ్రెసు సొమ్మివ్వలేదు. దక్షిణ కెరొలైనా గవర్నరు రెడ్‌క్రాస్‌ను పిలిచాడు. అప్పటికి డెబ్బయ్యొక్క ఏళ్ళ క్లారా బార్టన్ వచ్చి చూసి, అక్టోబరు నుంచి భారం నెత్తిన వేసుకుంది. ముప్పయి ఏళ్ళ క్రిందట, 1863లో, ఇదే తీరాన యుద్ధంలో గాయపడినవారికి ఆమె ఉపచారం చేసింది. ఆ నేల ఆమెకు తెలుసు. చేతికి అందిన చందాలు ముప్పయి వేల డాలర్లు, కాస్త అటూ ఇటూ. మనిషికి ఒక డాలరు. దానితో వచ్చే పంట వరకు, అంటే తొమ్మిది పది నెలలు, ప్రాణాలు నిలబెట్టాలి.

లెక్క వేసింది. ఏడుగురున్న కుటుంబానికి వారానికి ఒక పెక్కు, అంటే సుమారు తొమ్మిది లీటర్ల మొక్కజొన్న రవ్వ, ఒక పౌను ఉప్పువేసిన పందిమాంసం. ఇది కడుపు నింపే భోజనం కాదు, ప్రాణం పోకుండా పట్టే గంజి. పని చేసినవారికి ఎక్కువ ఇచ్చారు. పని అంటే సొంత పనే: ఉప్పునీరు నిలిచిన పొలాల్లో మైళ్ళ కొద్దీ కాలువలు త్రవ్వి నీరు తియ్యడం, బావులు బాగుచెయ్యడం, గుడిసెలు లేపుకోవడం. కర్రా మేకులూ పనిముట్లూ ఆమె ఇచ్చింది. ఇల్లు ఎవరిది వారే కట్టుకున్నారు. ఉత్తరాది నుంచి పీపాలకొద్దీ పాతబట్టలు వచ్చాయి. అందులో చిరుగులు ఉండనే ఉంటాయి గదా! దీవుల్లోని ఆడవాళ్ళను కుట్టు సంఘాలుగా కూర్చి, చిరిగినవి బాగుచేయించి, ఎవరికి ఏది అవసరమో వాళ్ళచేతనే తేల్పించి పంచారు. ఊళ్ళో ఎవరి కష్టం ఎంతో ఊరివాళ్ళకు తెలిసినట్టు పైవాళ్ళకు తెలియదు.

తరువాత విత్తనాలు. ఆ దీవులవారికి ప్రత్తి వేసి, అమ్మి, తిండి కొనుక్కునే అలవాటు. ఆమె కూరగాయల విత్తనాలూ, బంగాళాదుంపల విత్తనమూ పంచి ఇంటి ప్రక్కనే పెరడు వేయించింది. తిండి ముందు, ప్రత్తి తరువాత అన్నది ఆమె పట్టు.

నిందలు పడకపోలేదు. కూడు ఉచితంగా పెడితే కూలీలు సోమరులైపోతారని తెల్ల భూస్వాములు కొందరు కోప్పడ్డారు. నల్లవాళ్ళకు ఇంత సహాయమా అని మరికొందరు సణిగారు. ఆమె రేషను ఆపలేదు, వాదనకూ దిగలేదు. 1894 వేసవిలో పంట చేతికి వచ్చేదాకా చూసి, అప్పుడు సామాను సర్దుకుని వెళ్ళింది. అవసరం తీరాక ఒక్కరోజు కూడా అన్నం పెట్టకూడదన్నది ఆమె లెక్క. వినడానికి కఠినంగా ఉంటుంది గాని, పుచ్చుకున్న చేతులు తిరిగి పనిలో పడ్డ తరువాత ఇంకా ఇవ్వడం ఎవరి తృప్తి కోసమో ఆలోచించవలసిందే.

1896లో టర్కీకి వెళ్ళి ఆర్మీనియనులకు సహాయం చేసింది. 1898లో క్యూబా యుద్ధంలో డెబ్బయ్యారేళ్ళ వయసులో ఉంది. ఆఖరి పెద్ద పని గాల్వెస్టన్‌లో. టెక్సాసు తీరాన ఇసుక దీవి మీది రేవుపట్నం అది. 1900 సెప్టెంబరు 8న వచ్చిన గాలివానకు సముద్రం ఊరినంతా కప్పేసింది. ఆరు వేలకు తక్కువ కాదు, ఎనిమిది వేలని ఎక్కువమంది చెప్పే మాట. అమెరికా చరిత్రలో ఇంతమందిని పొట్టన పెట్టుకున్న ప్రకృతి విపత్తు మరొకటి లేదు. శవాలను పడవల్లో తీసుకువెళ్ళి సముద్రంలో వేస్తే అలలు తిరిగి ఒడ్డుకు చేర్చాయి. చివరకు కుప్పలు వేసి కాల్చారు. ఆ పొగలోకి డెబ్బయ్యెనిమిదేళ్ళ ముసలమ్మ దిగింది. దిగిన కొద్దిరోజులకే జబ్బుపడింది. మంచం మీదనుంచే ఉత్తరాలు వ్రాయిస్తూ, కర్ర కావాలి, మేకులు కావాలి, పొయ్యిలు కావాలి అని దేశాన్ని అడిగింది. పట్నం బాధ పత్రికల్లో నిండిపోగా, ఆ ప్రక్క ప్రధాన భూభాగంలోని రైతుల్ని అడిగినవాళ్ళు తక్కువ. ఆమె అడిగింది. అక్కడ స్ట్రాబెర్రీ పళ్ళతోటలు వాళ్ళ జీవనాధారం, తోటలన్నీ పాడైపోయాయి. పదిహేను లక్షల స్ట్రాబెర్రీ మొక్కలు తెప్పించి నాటడానికి ఇచ్చింది. తుఫాను సహాయంలో మొక్కలు ఇవ్వడమేమిటని నవ్వినవారు ఉంటే, రైతు కాదనుకోవాలి.

ఇంత చెప్పి ఆమె దోషాలు దాచడం న్యాయం కాదు. ఎవరినీ నమ్మి పని అప్పగించేది కాదు. అంతా తన చేతి మీదుగానే నడవాలి. జీతం పుచ్చుకోలేదు, తన సొమ్మే సంఘానికి పెట్టింది. అయితే సొంత సొమ్మూ చందాల సొమ్మూ ఒకే పెట్టెలో కలిసిపోయాయి. వచ్చిందెంత, ఖర్చయిందెంత అని అడిగినవారికి కాగితం చూపలేకపోయేది. సంఘంలో కొత్తగా వచ్చినవారు దీనిమీద తిరగబడ్డారు. విచారణ జరిగింది, ఆమె తిన్నదని ఏమీ తేలలేదు. అయినా 1904 మేలో, ఎనభైరెండేళ్ళ వయస్సులో, తను పెట్టిన సంఘం నుంచి తనే తప్పుకోవలసివచ్చింది. ఆమెకు అన్యాయం జరిగిందని నేను అనుకుంటాను; లెక్క అడిగినవారు తప్పు చేశారని మాత్రం అనలేను. చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగిన మన సమాజం కార్యదర్శులకు ఈ బాధ రెండువైపులా తెలుసు.

ఆఖరి ఏళ్ళు వాషింగ్టన్ దగ్గర గ్లెన్ ఎకో అనే చోట గడిపింది. జాన్స్‌టౌన్‌లో నిరాశ్రయుల కోసం కట్టిన కట్టడాలను విప్పగా మిగిలిన కర్రతో కట్టిన ఇల్లు అది. గోడల వెంట సరుకులు దాచే అరలే అరలు. ఏ గాలివాన వార్త వచ్చినా బయలుదేరడానికి సిద్ధంగా ఉండేది. ఊరుకోలేక 1905లో ప్రథమచికిత్స నేర్పే సంఘం ఒకటి పెట్టింది. 1912 ఏప్రిల్ 12న, తొంభై ఏళ్ళ వయసులో, ఆ ఇంట్లోనే కన్నుమూసింది. పుట్టిన ఊరి ప్రాంతంలోనే, ఆక్స్‌ఫర్డ్‌లో సమాధి చేశారు.

1996లో వాషింగ్టన్ ఏడవ వీధిలో ఒక పాత భవనాన్ని పడగొట్టే ముందు చూడడానికి ప్రభుత్వం తరఫున ఒక వడ్రంగి వెళ్ళాడు. అటకమీద పాత కాగితాలూ, ఒక రేకు పలకా దొరికాయి. కనిపించకుండా పోయిన సైనికుల ఆఫీసు ఏ అంతస్తులో, ఏ గదిలో ఉందో ఆ పలక మీద వ్రాసి, క్రింద ఆమె పేరు ఉంది. ఆ భవనాన్ని పడగొట్టడం మానుకున్నారు. ఇప్పుడది చూడడానికి జనం వెళ్ళే ప్రదర్శనశాల.